బళ్ళారి వీధిబడులు: 1823 నివేదికలో పఠనం, అవగాహన

ఉపోద్ఘాతం

తెలుగునాట పాఠశాల విద్యాచరిత్రకు మద్రాసు ప్రభుత్వం 1822లో చేపట్టిన విద్యాసర్వే ప్రధానమైన ఆకరం. ఆ ఏడాది జూన్ 25న గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలవారీగా బడుల, విద్యార్థుల వివరాలు సేకరించవలసిందిగా ఆదేశించాడు. కలెక్టర్లలో చాలామంది ప్రధానంగా పట్టికలు నింపి పంపారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న సమర్పించిన నివేదిక పట్టికతో ఆగక, బడిలో పిల్లవాడు ఏమి నేర్చుకుంటున్నాడో విచారించింది. కాంప్‌బెల్ 1816లో తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం ప్రకటించిన భాషావేత్త. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా అంతర్భాగం. అందువల్ల ఈ నివేదిక తెలుగు బోధన చరిత్రకు నేరుగా సంబంధించినది. చదవగలగటానికీ చదివినది అర్థం చేసుకోవటానికీ మధ్య అందులో గుర్తించిన అంతరాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

సంఖ్యలు చెప్పేది

నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533, విద్యార్థులు 6,641 మంది. అంటే సగటున బడికి 12 మంది, జనాభాలో వెయ్యికి సుమారు ఏడుగురు. కన్నడం 235 బడులలోనూ, తెలుగు 226 బడులలోనూ బోధింపబడేది. మరాఠీకి 23, పారశీకానికి 21, తమిళానికి 4, ఇంగ్లీషుకు ఒకటి ఉండగా, బ్రాహ్మణులు మాత్రమే చదివే విద్యాస్థానాలు మరి 23. మొత్తం విద్యార్థులలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. పూర్వం బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడవి లేవని, దేశంలో క్రమంగా వ్యాపించిన దారిద్ర్యమే దీనికి కారణమని, ఇంగ్లండు వస్త్రాల రాకతో నేతపనివారు జీవనాధారం కోల్పోవటం అందులో భాగమని కలెక్టరే రాయటం గమనార్హం.

బోధన పద్ధతి

పిల్లవాడు అక్షరాలను ముందుగా ఉచ్చరించి కాక, ఇసుకలో వేలితో దిద్ది నేర్చుకునేవాడు. చేయి తిరిగిన తరువాత తాటాకుపై గంటంతోనో, కాగితంపై కలంతోనో, పలకపైనో, కడితంపైనో రాసేవాడు. పై తరగతి విద్యార్థులు కింది తరగతివారికి పాఠం చెబుతూ తమ చదువును గట్టిపరచుకునేవారు. తక్కువ ఖర్చుతో సాగే ఈ పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండులో దీనిని అనుకరించటం సముచితమేనన్నాడు. మద్రాసు అనాథ బాలుర శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ద్వారా అక్కడ ప్రచారమైన 'మద్రాసు పద్ధతి' ఇటువంటిదే.

రెండు తెలుగులు

మెచ్చుకోలు వెంటనే విమర్శ వస్తుంది. బడులలో చదివించే గ్రంథాలు పద్యకావ్యాలు. వాటి భాష వాడుకలోని భాషకు, వచనానికి భిన్నం. లిపి ఒకటే కనుక పిల్లవాడు అక్షరాలను గుర్తుపట్టి పద్యాన్ని చదవగలడు, కంఠస్థం చేయగలడు. అర్థం మాత్రం అతనికి అందదు. అర్థం విప్పిచెప్పగల గురువులు అరుదు. ఆంధ్రనామసంగ్రహం వంటి నిఘంటువులు, వ్యాకరణాలు ఉపకరించేవే గాని, రాతప్రతుల ధర ఎక్కువ, ఉపాధ్యాయుల పేదరికం అంతకంటె ఎక్కువ. దొరికిన ప్రతులలో లేఖకుల తప్పులు నిండి ఉండేవి. కాబట్టి ఈ లోపానికి పిల్లల అశక్తత కాక పుస్తకాల స్వభావం, వాటి కొరత, బోధకుల అర్హత కారణాలని నివేదిక తేల్చింది.

అయితే అదే నివేదికలో మరొక అంశం ఉంది. ఉపాధ్యాయులు వేరువేరు చోట్ల నుండి ఉత్తరాలు సేకరించి, రకరకాల దస్తూరీలను పిల్లలచేత చదివించేవారు. మామూలు ఉత్తరాలు, ఒప్పందపత్రాలు రాయించేవారు. పద్యాలను వల్లె వేయించటంలోనూ ఉచ్చారణ స్పష్టత, తడబడకుండా చదివే నేర్పు ప్రధాన లక్ష్యాలు. కనుక వీధిబడిలో రెండు తెలుగులు పక్కపక్కన ఉండేవని చెప్పవచ్చు: ఒకటి నోటికి వచ్చిన కావ్యభాష, రెండవది చేతికి వచ్చిన వ్యవహారభాష. అవగాహన రెండవదానిలోనే సాధ్యమైంది. గౌరవం మాత్రం మొదటిదానికే దక్కింది.

తరువాతి చర్చలు

మన్రో 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేల్చాడు. ఉపాధ్యాయ శిక్షణకు పాఠశాలను, తాలూకా బడులకు నెలకు 9 రూపాయల జీతంపై ఉపాధ్యాయులను ప్రతిపాదించాడు. 1931లో గాంధీజీ లండనులో చేసిన ప్రసంగంపై ఫిలిప్ హార్టాగ్‌తో సాగిన వివాదంలోనూ, ధరంపాల్ 1983లో ఈ పత్రాలను ప్రకటించిన తరువాతి చర్చలోనూ బడులెన్ని, చదివేవారెందరు అన్న ప్రశ్నలే ముందు నిలిచాయి.

అవగాహన ప్రశ్న తెలుగునాట మరో దారిలో తిరిగి వచ్చింది. 1906 తరువాత పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్ రాతభాషకూ మాటభాషకూ గల దూరం బోధనకు అడ్డంకి కావటాన్ని ప్రశ్నించగా, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు దానిని ఉద్యమంగా మలిచారు. పూర్వుల వచనంలో వ్యవహారభాష ఉన్నదని గిడుగు 'గద్యచింతామణి'లో ఉదాహరణలతో చూపాడు. బళ్ళారి బడులలోని ఉత్తరాలు, ఒప్పందపత్రాలు కూడా ఆ వాదానికి బలమిచ్చే సాక్ష్యమే.

ముగింపు

బళ్ళారి నివేదికను పరపాలకుని దృష్టికోణాన్ని విస్మరించి చదవరాదు. కంఠస్థ విద్యకు మౌఖిక సంస్కృతిలో ఉన్న విలువను అది పూర్తిగా గ్రహించలేదు. అయినా బడిలో చేరటం వేరు, చదవటం వేరు, గ్రహించటం వేరు అన్న వివేకం దానిలో ఉంది. పిల్లవాడికి అర్థమయ్యే తెలుగు ఆనాటి బడిలోనే, అతని చేతిలోని ఉత్తరంలో ఉంది. దానిని పాఠ్యంగా గౌరవించటానికి మరో శతాబ్దం పోరాడవలసి వచ్చింది. విద్యాచరిత్ర కేవలం హాజరు లెక్కలపై ఆధారపడితే ఈ ఆలస్యానికి పిల్లలు చెల్లించిన మూల్యం కనబడదు.