వీరతాడు ఎవరికి?

మొన్న సంక్రాంతికి నల్లజర్లలో మా అక్కయ్యగారింట్లో ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇది. భోజనాలయ్యాక వీధి అరుగు మీద కూర్చుని మా మేనల్లుడూ, తాడేపల్లిగూడెంలో వాడితోపాటు చదువుకుంటున్న స్నేహితుడూ ఎడతెగని వాదులాటలో పడ్డారు. మొదట్లో ఏ రాజకీయాలో అనుకున్నాను. కాదు, వీడియో ఆటల గొడవ. 2020లో "ది లాస్ట్ ఆఫ్ అస్" అనే ఆట రెండవ భాగానికి ఆ ఏటి మేటి ఆటగా పురస్కారం ఇచ్చారట. అది న్యాయమా, అన్యాయమా అన్నది ఆరోజు అరుగు మీద విచారణలో ఉన్న వ్యాజ్యం.

విమర్శకులు దాన్ని ఆకాశానికెత్తారు. కొనుక్కుని ఆడినవాళ్ళలో చాలామంది మండిపడ్డారు. 2014 నుంచి ఏటేటా ఇస్తున్న "ది గేమ్ అవార్డ్స్"లో న్యాయనిర్ణేతల మాటకు నూటికి 90 పాళ్ళు, జనం ఓటుకు 10 పాళ్ళు విలువ. పూర్తిగా జనమే ఎన్నుకునే బహుమతి ఇంకొకటి విడిగా ఉంది. ఆ ఏడు పెద్ద బహుమతి "లాస్ట్ ఆఫ్ అస్"కు పోతే, జనం బహుమతి "ఘోస్ట్ ఆఫ్ సుషిమా" అనే మరో ఆటకు పోయింది. "పత్రికలవాళ్ళకి నచ్చితే చాలా? ఆడేది మనం కదా!" అని మావాడు. "ఎక్కువమంది ఆడినంత మాత్రాన గొప్పదైపోతుందా?" అని వాడి స్నేహితుడు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి, "మామయ్యా, నువ్వు చెప్పు" అన్నారు.

నాకు ఆ ఆటలలో అ ఆలు కూడా రావు. ఆ మాటే చెప్పి తప్పుకున్నాను. అయితే ఆ తగవు మాత్రం నాకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. 2016 మార్చిలో అదే అరుగు మీద, బాహుబలికి జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం ప్రకటించిన రోజున, అచ్చం ఇవే మాటలు విన్నాను. అంతకు చాలా ముందు, మాయాబజార్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా నాన్నగారి నోట విన్నాను. అందుచేత ఆటల సంగతి పిల్లలకు వదిలి, నాకు తెలిసిన సినిమాల సంగతి చెబుతాను.

మాయాబజార్ 1957 మార్చి 27న విడుదలైంది. నాగిరెడ్డి-చక్రపాణిల విజయా సంస్థ, కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం. మా నాన్నగారు ఆ బొమ్మను టూరింగు టాకీసు డేరాలో నేల టిక్కెట్టు మీద మూడుసార్లు చూశారట. మెట్ట పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారని చెప్పేవారు. ప్రజల తీర్పు అక్కడితో అయిపోయింది. మరి ప్రభుత్వ తీర్పు?

కేంద్ర ప్రభుత్వం 1954లో చలనచిత్ర పురస్కారాలను ప్రారంభించింది. కళావిలువ, సాంకేతిక ప్రమాణం, విద్యా సాంస్కృతిక ప్రయోజనం ఉన్న చిత్రాలను ప్రోత్సహించడం దాని ఆశయం. 1957వ సంవత్సరపు చిత్రాలలో అఖిల భారత ప్రథమ స్థానం శాంతారాం తీసిన "దో ఆంఖే బారహ్ హాథ్"కు దక్కింది. దానితో నాకు పేచీ లేదు, అది మంచి చిత్రమే. కాని ఆ ఏడాది జాతీయ పురస్కారాలలో తెలుగుకు దక్కిన గుర్తింపు "భాగ్యరేఖ"ది. ఆ చిత్ర దర్శకుడు బి.ఎన్.రెడ్డి. మాయాబజార్ నిర్మాతలలో ఒకరైన నాగిరెడ్డికి స్వయానా అన్నగారు. రెంటిలోనూ రామారావు నటించాడు. ఒకే కుటుంబంలో అన్నగారింటికి పురస్కారం వెళ్ళింది, తమ్ముడింటికి జనం వెళ్ళారు.

భాగ్యరేఖను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. జమున నటన, దేవులపల్లి వారి పాటలు గల సంస్కారవంతమైన సినిమా అది. కాని ఆ సంవత్సరపు తెలుగు చిత్రాలన్నిటిలోకీ అదే మేటి అని ఈనాడు ఎవరైనా అనగలరా?

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కె.వి.రెడ్డి ఢిల్లీకి తెలియనివాడేమీ కాదు. 1954లో ఆయనే తీసిన "పెద్దమనుషులు" తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం పొందింది. ఊరి పెద్దల ముసుగులు తొలగించిన చిత్రం, ఇబ్సెన్ నాటకపు ఛాయలున్న కథ, డి.వి.నరసరాజు సంభాషణలు. అంటే అదే దర్శకుడు సంఘసంస్కరణ చెబితే పతకం వచ్చింది, లడ్డూలు గాలిలో ఎగరవేస్తే రాలేదు. కనుక కె.వి.రెడ్డి ప్రతిభను వారు గుర్తించలేదనడం సరికాదు. నవ్విస్తూ అబ్బురపరిచే చిత్రంలో కూడా అంతే ప్రతిభ ఉండవచ్చునన్నది వారి ఊహకు అందలేదు.

దానికి కారణం కేవలం గంభీరమైన విషయాల పట్ల మోజే అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మాయాబజార్ పనితనం కనబడని పనితనం. కౌరవులనూ యాదవులనూ నడిపిస్తూ పాండవులను ఒక్కసారైనా తెర మీదకు తేకుండా పాండవుల పక్షం కథ చెప్పారు. అది చెప్పేదాకా చాలామందికి తట్టనే తట్టదు. నౌకావిహారం పాటలోని వెన్నెలలో చాలా భాగం బార్ట్‌లీ దీపాలతో సృష్టించినది. ద్వారకానగరం కోసం గోఖలే, కళాధర్‌ల ఆధ్వర్యంలో 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో దీపాలు వెలిగే దాదాపు 300 బొమ్మ ఇళ్ళు కట్టారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన అభినయం మరొకటి. మెడ తిప్పడంలో, నడకలో ఎస్.వి.రంగారావు కనిపిస్తాడు, అయినా ఆమె ఆడపిల్లగానే ఉంటుంది. చూసేవాడు కథలో మునిగిపోయి ఇవేవీ లెక్కపెట్టడు. లెక్కపెట్టనివ్వకపోవడమే దాని గొప్ప. తూకం వేసేవాడి కంటికి మాత్రం అటువంటి గొప్ప ఆనదు.

భాష సంగతి చూడండి. అంతర్జాలంలో తెలుగు వ్రాసుకునే మనం ఎవరి వ్రాత నచ్చినా వీరతాడు వేయడం అలవాటు చేసుకున్నాం. మెచ్చుకోలుకు మనం వాడుకునే ఆ మాట పింగళివారు మాయాబజార్‌లో ఇచ్చినదే. పురస్కారం పొందని చిత్రం తెలుగువాడికి పురస్కారమనే అర్థంలో ఒక మాటను ప్రసాదించింది!

ఎస్.వి.రంగారావు పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఆయన 1918లో పుట్టిన నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. నర్తనశాలలో కీచక పాత్రకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవం ఆయనను ఉత్తమ నటుడిగా గౌరవించింది. స్వదేశంలో పద్మ పురస్కారమైనా లేకుండానే 1974లో వెళ్ళిపోయాడు. ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి.ప్రసాద్‌కు కాలం కలిసివచ్చింది, 1982వ సంవత్సరపు ఫాల్కే పురస్కారం అందింది. నాగిరెడ్డికి 1986వ సంవత్సరానికి ఇచ్చారు. 1972లో మరణించిన కె.వి.రెడ్డికి ఏదీ లేదు.

1975 చిత్రాల నుంచి జాతీయ పురస్కారాలలో ఒక కొత్త విభాగం వచ్చింది. ప్రజాదరణ పొంది, ఆరోగ్యకరమైన వినోదం అందించిన చిత్రానికి ఇచ్చేది. మంచి ఆలోచనే అనిపిస్తుంది. కాని దానివల్ల జరిగిందేమిటి? జనం చూసిన సినిమాలకు వేరే పంక్తి వేశారు. 1980 ఫిబ్రవరిలో విడుదలైన శంకరాభరణానికి 1979వ సంవత్సరపు పురస్కారాలలో ఇచ్చింది ఆ విభాగంలోనే. సంగీతానికి మహదేవన్‌కూ, గానానికి బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంలకూ కూడా ఇచ్చారు, నిజమే. కాని శాస్త్రీయ సంగీతం మీద విశ్వనాథ్ తీసిన సినిమా "వినోదం" ఎలా అయింది? జనం విరగబడి చూశారు గనుక అయింది. ఆడకపోయి ఉంటే బహుశా "కళ" అయి ఉండేది.

ఇక బాహుబలి. ఆ దర్శకుడిదీ, సంగీత దర్శకుడు కీరవాణిదీ మన కొవ్వూరు కుటుంబమే. అందువల్ల ఈ ప్రాంతంలో ఆ సినిమాను తప్పుపట్టడమంటే పెళ్ళిలో శనగలు లెక్కపెట్టడం వంటిది. అయినా వ్రాస్తాను.

63వ జాతీయ పురస్కారాలకు రమేష్ సిప్పీ న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షుడు. బాహుబలి మొదటి భాగానికి ఉత్తమ చిత్రం, విశేష దృశ్యాల విభాగాలలో పురస్కారాలిచ్చారు. ఒక తెలుగు చిత్రానికి జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్ర పురస్కారం రావడం అదే ప్రథమం. ముందటి ఏడాది అదే స్థానంలో "కోర్ట్" అనే చిన్న మరాఠీ చిత్రం ఉంది. ఆ ఏడాది పోటీలో మసాన్, తిథి, విసారణై వంటివి ఉన్నాయి. విశేష దృశ్యాల పురస్కారంలో సందేహం లేదు. ఆ జలపాతాన్నీ, మాహిష్మతినీ కల్పించినవారికి ఎంత ఇచ్చినా తక్కువే. కాని ఉత్తమ చిత్రం? కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న దగ్గర ఆగిపోయిన సగం కథ అది. నాటకం విరామం దగ్గర తెర దించి బహుమతి ప్రదానం చేసినట్లుంది.

ఆ తరువాత జరిగినది ఇంకా చిత్రం. 2017లో రెండవ భాగం వచ్చి కథ పూర్తయింది. 65వ పురస్కారాలలో దానికి దక్కినవి విశేష దృశ్యాలకూ, పోరాటాలకూ, ఆ ఆరోగ్యకరమైన వినోదానికీ. ఉత్తమ చిత్రం రీమా దాస్ అస్సామీలో తీసిన "విలేజ్ రాక్‌స్టార్స్". సగం కథ ఉత్తమ చిత్రం, పూర్తి కథ వినోదం! ఈ రెండు తీర్పులకూ ఒకే కొలబద్ద ఉందని నన్ను నమ్మించగలవారుంటే వినడానికి సిద్ధం.

నా అభిప్రాయం ఇది. 1957లో జనాదరణ అనర్హతకు దగ్గరగా ఉండేది. 2016 నాటికి పరిమాణమే అర్హత అయింది. బాహుబలి పనితనం తన్ను తాను చాటుకునే పనితనం. ప్రతి రాయీ, ప్రతి ఏనుగూ తన ఖరీదు చెబుతుంది. లెక్కపెట్టడం సులువు. మాయాబజార్‌ను కాదన్న కన్నూ, బాహుబలిని అందలమెక్కించిన కన్నూ నిజానికి ఒకటే. పైకి కనిపించినదాన్నే అది చూస్తుంది, అది సందేశమైనా సరే, సైన్యమైనా సరే.

అలాగని తీర్పు జనానికి వదిలేస్తే సరిపోతుందా? 2013లో భారతీయ సినిమా శతాబ్ది సందర్భంగా సి.ఎన్.ఎన్.-ఐ.బి.ఎన్. జరిపిన ఓటింగులో మాయాబజార్ దేశంలోకెల్లా గొప్ప చిత్రంగా నిలిచింది. నాకు ఆనందమైంది, కాదనను. కాని అంతర్జాలంలో ఓటు వేయడంలో తెలుగువారి ఉత్సాహం మనకు తెలియనిదా? మాయాబజార్ గొప్పదని నేను నమ్మేది ఆ లెక్కను చూసి మాత్రం కాదు. నంది పురస్కారాల సంగతి ఎత్తకపోవడమే మంచిది. 2014, 15, 16 సంవత్సరాలవి మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించినప్పుడు రేగిన దుమారం మీకు గుర్తుండే ఉంటుంది.

ఆర్.ఆర్.ఆర్. విషయం కూడా పిల్లలే ఎత్తారు. ఆస్కారుకు మన దేశం అధికారికంగా పంపినది గుజరాతీ చిత్రం "ఛెల్లో షో". ఆర్.ఆర్.ఆర్. తన దారిన తాను వెళ్ళి 2023 మార్చిలో నాటు నాటు పాటకు ఆస్కారు తెచ్చుకుంది. ఇంటికి వచ్చాక జాతీయ పురస్కారాలలో ఉత్తమ చిత్రం కాలేదు, మళ్ళీ అదే ఆరోగ్యకరమైన వినోదం. నాకైతే కీరవాణి కూర్చిన వాటిలో ఆ పాటకన్నా ఇష్టమైనవి ఓ పది ఉన్నాయి. 1997లో అన్నమయ్యకు ఆయనకు వచ్చిన జాతీయ పురస్కారం గూర్చి అరుగు మీద ఒక్కరికీ తెలియదు.

ఇదంతా విని మా మేనల్లుడు, "అయితే ఆ ఆటకి ఇవ్వచ్చా, ఇవ్వకూడదా? అది చెప్పలేదు" అన్నాడు. ఆడకుండా ఎలా చెప్పనురా అన్నాను. ఆడి చూపిస్తానన్నాడు. చూపించాడు కూడా. ఓ గంటసేపు కూర్చున్నాను. వాన, నాచు పట్టిన గోడలు, గడ్డి కదలడం ఎంతో శ్రద్ధగా చేశారు. కథలోకి మాత్రం నేను పోలేకపోయాను. అది నా వయసు దోషం కావచ్చు.

బదులుగా ఆ రాత్రి వాళ్ళ చేత మాయాబజార్ పెట్టించాను, నలుపు తెలుపుదే. స్నేహితుడు సగంలో నిద్రపోయాడు. మావాడు మాత్రం ద్వారక తెర మీదకు రాగానే లేచి కూర్చుని, ఆపమన్నాడు.

"మామయ్యా, అప్పట్లో ఇది ఎలా చేశారు?"

బొమ్మ ఇళ్ళ సంగతి చెప్పాను. నమ్మలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.