బండి సోకు – బండి సత్తా

కొత్త మోటారు సైకిలు కొనాలనుకున్న ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడటం మామూలే. కొడుకు పెట్రోలు ట్యాంకు ఒంపును, రంగును, శబ్దాన్ని చూస్తాడు. తండ్రి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందని అడుగుతాడు. చీపురుపల్లివంటి ఊరిలో ఈ వాదం ఉబుసుపోక మాట కాదు. ఉద్యోగానికో, చదువుకో విజయనగరం వెళ్లిరావాలంటే రానూపోనూ సుమారు 60 కిలోమీటర్లు. బండి వెల ఒక పంట రాబడినో, కొన్నేళ్ల వాయిదాలనో మింగివేస్తుంది. మరి, సోకైన బండి పెట్టిన డబ్బుకు తగినదా కాదా అని తేల్చుకోవటం ఎట్లా? మోటారు సైకిలు చరిత్రను తిరగవేస్తే ఇందుకు కొన్ని ఆధారాలు దొరుకుతాయి.

మొట్టమొదటి బండికి సోకు అన్నదే లేదు. 1885లో జర్మనీ దేశంలో డైమ్లర్, మేబాక్ అనే ఇంజనీర్లు ఒక కర్రచట్రానికి 264 ఘన సెంటీమీటర్ల పెట్రోలు యంత్రాన్ని బిగించారు. దాని సామర్థ్యం అర అశ్వశక్తి. పడిపోకుండా ఇరుపక్కలా చిన్న చక్రాలు ఉండేవి. తమ యంత్రం వాహనాన్ని లాగగలదా అని పరీక్షించటమే వారి ఉద్దేశం. 1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వోల్ఫ్‌ముల్లర్ల సంస్థ మోటారు సైకిళ్లను వరుసగా తయారుచేసి అమ్మజూపింది. రైలింజనులో వలె ముషలకాల, అనగా పిస్టన్ల, కడ్డీలు తిన్నగా వెనుక చక్రాన్నే తిప్పేవి. చూపరులకు అది వింతే గాని, నడిపేవారికి అవస్థ. కొద్ది సంవత్సరాలకే ఆ సంస్థ మూతపడింది.

క్రమంగా కర్ర పోయి ఉక్కు గొట్టాల చట్రం స్థిరపడింది. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. ఉక్కులో గంధకం మిగిలిపోతే, ఎర్రగా కాల్చి సాగగొట్టేటప్పుడు పగుళ్లు పడతాయి. మాంగనీసు కలిపితే అది గంధకాన్ని పట్టుకొని ఆ దోషాన్ని పోగొడుతుంది. ఉక్కుకు బలాన్నీ చేకూరుస్తుంది. ఆ మాంగనీసు ఖనిజాన్ని 19వ శతాబ్ది చివరి దశకం నుండి చీపురుపల్లికి దగ్గరలోని గర్భాం మొదలైన చోట్ల తవ్వారు. తరువాత పొరుగునున్న గరివిడిలో ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలిసింది. ఉక్కు చట్రంలో రంగుకూ మెరుగుకూ అడుగున దాగి బరువు మోయటానికి తోడ్పడేది ఇటువంటి లోహమే. బండి విలువను కంటితోనే నిర్ణయించలేము అనటానికి ఇది మొదటి నిదర్శనం.

తొలినాటి పందెగాళ్లు కూడా ఈ సంగతి ఎరుగుదురు. 1907లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో ప్రారంభమైన ప్రసిద్ధ పందెంలో వేగం ఒక్కటే లెక్కకు రాలేదు. ఒకే స్తూపకం, అనగా సిలిండరు, గల బండ్లు గాలనుకు 90 మైళ్లు నడవాలని నియమం పెట్టారు. మన లెక్కలో అది లీటరుకు సుమారు 32 కిలోమీటర్లు. మామూలు దారిబండికి ఉండవలసిన సీటు, మడ్‌గార్డులు, శబ్దాన్ని అణచే సైలెన్సరు కూడా ఉండితీరాలి. నిత్యం వాడే బండి ఎంత మేలైనదో తేల్చటమే ఆ పందెం లక్ష్యం.

సోకు ఎప్పుడూ వ్యర్థమే అనుకోరాదు. 1937లో ఇంగ్లండులో ట్రయంఫ్ సంస్థకు ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన ‘స్పీడ్ ట్విన్’ బండిని చూడండి. రెండు స్తూపకాలను పక్కపక్కనే పొందికగా ఇమిడ్చినందువల్ల యంత్రం సన్నగా, అందంగా కుదిరింది. నడక కూడా బాగున్నది. తరువాత కొన్ని దశాబ్దాలపాటు బ్రిటిష్ సంస్థలు ఆ పద్ధతినే అనుసరించాయి. అక్కడ అందం యంత్రనిర్మాణంలోనుండి పుట్టింది.

ఇక మన దేశానికి వద్దాము. ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన మూడు రాజ్‌దూత్ బండ్లను పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటిది 1960 దశకంలో పోలెండు దేశపు నమూనాను అనుసరించి వచ్చిన రాజ్‌దూత్ 175. రూపం మోటు. అయినా రైతులు, పాలవ్యాపారులు దానిని దశాబ్దాల తరబడి వాడారు. రెండవది 1973లో వచ్చిన ‘బాబీ’ అనే హిందీ చిత్రంతో పేరు పొందిన చిన్న చక్రాల బండి. జనం దానిని కూడా బాబీ అనే పిలిచారు. దానిలోనిది ఆ 175 యంత్రమే! కొన్నవారికి అదనంగా దక్కినది రూపం. చిన్న చక్రం గుంతలో ఎక్కువ లోతుకు దిగుతుంది. గతుకుల రోడ్డుపై కుదుపు పెరుగుతుంది. అది ఎక్కువకాలం నిలువలేదు.

మూడవది 1983లో యమహా నమూనాతో వచ్చిన రాజ్‌దూత్ 350. రెండు స్తూపకాలు, సుమారు 30 అశ్వశక్తి. ఆనాటి యువకుల కల. అయితే జపాను నమూనాలో ముందు చక్రానికి ఉన్న డిస్కు బ్రేకు స్థానంలో ఇక్కడ డ్రమ్ము బ్రేకు పెట్టారు. పైగా అది ద్విఘాత యంత్రం, అనగా టూ స్ట్రోక్. పాత పొగ బయటికి పోయేటప్పుడు దానితోపాటు మండని పెట్రోలు కూడా కొంత పోతుంది. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చినది. 97 ఘన సెంటీమీటర్ల చతుర్ఘాత యంత్రంలో ఆ నష్టం బాగా తక్కువ. ఆడంబరం లేని ఆ బండి దేశమంతా వ్యాపించింది. 350 తయారీ మాత్రం ఆ దశకంతోనే దాదాపు ముగిసింది. నేడు పాత 350లను అపురూపంగా దాచుకొనే వారున్నారు. అది అభిరుచి, నిత్యావసరానికి కొనేవారి లెక్క వేరు.

ఆ లెక్క వేసి చూద్దాము. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఏటా 300 రోజులు తిరిగితే 18,000 కిలోమీటర్లు. లీటరుకు 60 కిలోమీటర్లు నడిచే బండికి 300 లీటర్లు చాలు. 30 నడిచే బండికి 600 లీటర్లు కావాలి. అయిదేండ్లలో తేడా 1,500 లీటర్లు. దానిని నేటి పెట్రోలు ధరతో హెచ్చించండి. సోకుకు చెల్లించే అసలు వెల బయటపడుతుంది.

రెండవ లెక్క ప్రాణానికి సంబంధించినది. బండి ఆగటానికి పట్టే దూరం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పొడి రోడ్డుపై మంచి బ్రేకులతో గంటకు 40 కిలోమీటర్ల వేగం నుండి ఆగటానికి సుమారు 9 మీటర్లు పడితే, 80 నుండి 36 మీటర్లు పడుతుంది. బ్రేకు తొక్కేలోపు సాగిన దూరం దీనికి అదనం. కాబట్టి శక్తి హెచ్చిన బండికి బ్రేకులు కూడా హెచ్చినవేనా అని విచారించాలి.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలో చేయించవచ్చు. ఒక బండి ట్యాంకును నిండుగా నింపి మీటరు అంకె రాసుకోవాలి. వారం తిరిగిన తరువాత మళ్లీ నిండుగా నింపి, పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. నాలుగైదు రకాల బండ్ల ఫలితాలను పట్టికగా వేసి, ఒక్కొక్కదాని వెలను ఎదురుగా రాయాలి. మరమ్మతు ఖర్చు, విడిభాగాలు దొరికే ఊరు కూడా చేర్చాలి. తండ్రీకొడుకులు ఆ పట్టికను ముందు పెట్టుకొని మాట్లాడుకుంటే, రంగు సంగతి చివరికి తీరికగా తేల్చుకోవచ్చు.