పోతపాల చరిత్రలో దూడ ఎక్కడ?

పోతపాల చరిత్ర రాసేవాళ్లు మామూలుగా రెండు కథల్లో ఒకటి చెబుతారు. తల్లులందరూ హాయిగా చనుబాలు ఇచ్చుకుంటున్న కాలంలో విదేశీ డబ్బా వచ్చి ఆ అలవాటు చెడగొట్టిందన్నది ఒకటి. పాల కరువు దేశానికి క్షీరవిప్లవం వచ్చి ఇంటింటా గ్లాసు నింపిందన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. రెండింటిలోనూ దూడ లేదు. ఆగిరిపల్లి, నూజివీడు వైపు మామిడి తోటల్లో గేదెలు పెట్టుకుని బతికే ఇళ్లను ఎరిగినవాళ్లకు ఈ లోటు పెద్దదిగానే కనిపిస్తుంది. తల్లిపాలకు బదులు ఏం పెట్టాలన్న ప్రశ్న ఆ ఇళ్లలో ఉయ్యాల దగ్గర ఎంత పాతదో కట్టుకొయ్య దగ్గరా అంతే పాతది. ఇరవయ్యో శతాబ్దం ఈ రెండు చోట్లకీ ఒకే సరుకును జవాబుగా చూపింది. అది వెన్న తీసిన పాలపొడి.

డబ్బా రాకముందు రోజులు బంగారు రోజులేమీ కావు. తల్లి పోయిన బిడ్డకో, పాలు పడని తల్లి బిడ్డకో ఉగ్గుగిన్నెతో మేకపాలు, గాడిదపాలు, నీళ్లు కలిపిన గేదెపాలు, గంజితేట, పాలగుండ జావ పట్టేవారు. గాడిదపాలు మాంసకృత్తుల విషయంలో తల్లిపాలకు దగ్గరే గాని వాటిలో కొవ్వు మరీ తక్కువ. మేకపాలలో ఫోలిక్ ఆమ్లం బాగా తక్కువ కాబట్టి అవే పట్టి పెంచిన పిల్లలు రక్తం లేక పాలిపోయేవారు.  పాలగుండ ఉత్త పిండిపదార్థం. ఇక గేదెపాలలో మాంసకృత్తులు తల్లిపాలలో ఉన్నదానికి మూడు నాలుగు రెట్లు ఉంటాయి. అరగదని సగానికి సగం నీళ్లు పోస్తే బిడ్డకు అందే శక్తి తల్లిపాలకంటే తగ్గిపోతుంది. ఆ నీళ్లు ఏ చెరువువో అన్న సంగతి సరేసరి.

ఐరోపా కథ అందరికీ తెలిసిందే. 1865లో రసాయనవేత్త లీబిగ్ శిశు ఆహార సూత్రం, 1867లో నెస్లే పిండి, ఆ తర్వాత తీపి చిక్కటి పాల డబ్బాలు వచ్చాయి. ఆ డబ్బాపాలు పట్టడాన్ని 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ హత్యతో సమానమని బహిరంగంగా అంది. వీటి గురించి కావలసినంత రాశారు. నాకు అసలు పేచీ 1950కీ 1975కీ మధ్య కాలంతో.

ఆ పాతికేళ్లలో ప్రపంచ పోషకాహార నిపుణులు ఒకే మాట పట్టుకున్నారు: పేద దేశాల పిల్లలకు కరువైంది మాంసకృత్తులు. 1968లో ఐక్యరాజ్యసమితి ‘ముంచుకొస్తున్న మాంసకృత్తుల సంక్షోభం’ మీద ఒక నివేదికే వెలువరించింది. అవసరాన్ని గుర్తించారు కాబట్టి పాలపొడి పంపారని ఇప్పటికీ పాఠ్యపుస్తకాల ధోరణి. నేను చదివినంతలో వరస తిరగబడి ఉంది. పాడి రైతులకు ధర పడిపోకుండా పాశ్చాత్య ప్రభుత్వాలు వెన్నా పొడీ కొని గిడ్డంగుల్లో పేర్చాయి. పొడి పేరుకున్నాక దానికి నోళ్లు వెతికారు. ఐరోపాలో సబ్సిడీ ఇచ్చి మరీ దూడల దాణాలో కలిపించారు. మిగిలినది యూనిసెఫ్ ద్వారా, ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మనవైపు ప్రయాణం కట్టింది. 1970లో మొదలైన క్షీరవిప్లవ పథకం ఆపరేషన్ ఫ్లడ్‌కు కేటాయించిన పొడి 1,26,000 టన్నులు, వెన్ననూనె 42,000 టన్నులు. అక్కడి లేగకూ ఇక్కడి పసివాడికీ వడ్డించింది ఒకే కుప్పలోంచి.

ఆ పొడి అవసరం మీద తెలుగు నేలనుంచే బలమైన సందేహం వచ్చింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలిన పోషకాహార పరిశోధనశాలే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాన్ని నడిపిన డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల చనుబాలను కొలిచి చూశారు. అర్ధాకలితో ఉన్న తల్లి కూడా రోజుకు సుమారు అర లీటరు పాలు నెలల తరబడి ఇస్తోంది, ఆ పాలలో మాంసకృత్తులు పెద్దగా తగ్గడం లేదు. 1973లో ఆయన బృందం ప్రచురించిన మరో పరిశోధన ఇంకా సూటిగా ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి నుంచి అయిదేళ్ల పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తినుబండారం పద్నాలుగు నెలలు పెట్టారు. అందులో 310 కేలరీల శక్తి, కేవలం 3 గ్రాముల మాంసకృత్తులు. పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. కరువైంది కడుపు నిండా తిండి, పాలపొడి కాదు. మరుసటి ఏడాది లాన్సెట్ వైద్యపత్రికలో పోషకాహార నిపుణుడు మెక్‌లారెన్ ఈ మాంసకృత్తుల మోజును ఘోర వైఫల్యమని తేల్చాడు.

ఈ సాక్ష్యాన్ని దాని హద్దు దాటించకూడదు. ఆ తినుబండారం ఏడాది నిండిన పిల్లలకు సరిపోయింది గాని నెల బిడ్డకు సరిపోదు. గోపాలన్ కొలిచిన తల్లుల పాలలో విటమిన్లు తక్కువే. ఆరో నెల దాటాక ఆ పాలొక్కటే చాలవు. తల్లి లేని బిడ్డకు మంచినీళ్లతో సరిగ్గా కలిపిన పాలపొడి ప్రాణం నిలిపిన సందర్భాలను నేను కాదనను. అయితే వెన్న తీసేసినప్పుడు విటమిన్ ఎ కూడా వెన్నతోపాటే వెళ్లిపోతుంది. కళ్లు పోయే జబ్బు ఉన్న దేశాలకు అదే పొడిని ఏళ్ల తరబడి ఆ విటమిన్ కలపకుండానే పంపారు. హైదరాబాదు సంస్థ పరిశోధన మీద ఆధారపడి 1970లో మన దేశం పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మోతాదు పోయడం మొదలుపెట్టింది. వేరుశనగ మాంసకృత్తులను పాలలో కలిపి మైసూరు శాస్త్రవేత్తలు చేసిన మిల్టోన్, గోధుమ, శనగ, వేరుశనగ, బెల్లంతో హైదరాబాదులో చేసిన ‘హైదరాబాద్ మిక్స్’ ఆ కాలం ఇచ్చిన మంచి ఫలితాలు. వాటికి డబ్బాపాలకు దొరికిన ప్రచారంలో వందో వంతైనా దక్కలేదు.

ఇదే కాలంలో యూనిసెఫ్ సాయంతో విజయవాడలో పాల ఫ్యాక్టరీ వచ్చింది. 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పాల కేంద్రం, వెన్న శాతం, పదిరోజుల పట్టీ కృష్ణా జిల్లా ఊళ్లకు అలవాటయ్యాయి. రైతు చేతికి నికరమైన డబ్బు వచ్చింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. కాని ఇంట్లో మిగిలే చెంబెడు పాలకు ఆ రోజు నుంచే ఒక రేటు పడింది. ఆ రేటు మొదట కోసింది దూడ వంతును.

తెల్లవారుజామున పాలు తీసేటప్పుడు గమనించండి. దూడను చేపుకు వదులుతారు. అది పొదుగును కుమ్మి కుమ్మి నాలుగు గుక్కలు లాగి, మూతికి నురగ అంటేసరికి పలుపు పట్టి లాగి కట్టేస్తారు. గేదె దాన్ని నాకుతూ చేపుతుంటే బిందె నిండుతుంది. దూడ చస్తే దాని తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టిన ఇళ్లూ ఉన్నాయి. ఈనిన రోజు పరిస్థితి మరీ దారుణం. దూడ తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి పొందలేదు, దానికి అది మొదటి రోజు జున్నుపాలలోనే అందాలి. మొదటి ఒకటి రెండు గంటల్లో మొదలుపెట్టి రోజు తిరిగేలోగా దూడ బరువులో పదో వంతు తాగించాలి. మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదన్న నమ్మకం ఆ గంటలను మింగేస్తుంది. జున్ను ఇరుగుపొరుగుకు పంచాలన్న మర్యాద మిగిలినదాన్ని మింగేస్తుంది.

దున్నపోతుకు నాగలీ బండీ ఉన్న రోజుల్లో దున్నదూడకూ ఒక విలువ ఉండేది. ట్రాక్టరు వచ్చాక అది తాగే ప్రతి గుక్కా నష్టం లెక్కలో పడింది. ఐరోపాలో పాలు అమ్ముకున్న రైతు దూడకు బదులు పాలపొడైనా పెట్టాడు. మన దగ్గర దూడకు దక్కింది కుడితి, గంజి, ఓ గుప్పెడు తవుడు. మూడు వారాలలోపు దూడకు పిండిపదార్థం అరగదు, నాలుగో పొట్ట మాత్రమే పనిచేస్తుంటుంది. గంజి తాగిన లేగకు పారుడు పట్టడంలో వింత లేదు.

ఇప్పుడు దూడలకు మిల్క్ రీప్లేసర్ సంచులు దొరుకుతున్నాయి. పాలపొడి, పాలవిరుగుడు పొడి ఆధారంగా చేసినవి మంచివే. ధర తగ్గించడానికి సోయాపిండి దట్టించినవి మొదటి మూడు వారాల దూడకు పనికిరావు. సంచి మీద మాంసకృత్తుల శాతం అచ్చయినంత మాత్రాన అవి ఎక్కడివో తెలియదు, రైతు అడగాల్సింది అదే. ప్రభుత్వ సునందిని పథకం పెయ్యదూడలకు దాణా ఇచ్చి మేలు చేసింది. దున్నదూడ దాని పరిధిలో లేదు.

పిల్లల సంగతిలో శిశు ఆహారాలను నియంత్రించే 1992 చట్టం గట్టిది. 2003 సవరణతో అది రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు లేకుండా చేసింది. దాంతో ప్రకటనల ఒత్తిడంతా రెండేళ్లు దాటిన పిల్లల పొడుల మీదికి జరిగింది. 2024లో పబ్లిక్ ఐ అనే స్విస్ సంస్థ, భారత్‌లో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో వడ్డనకు దాదాపు 3 గ్రాముల అదనపు చక్కెర ఉందనీ, ఐరోపాలో అమ్మేదానిలో లేదనీ బయటపెట్టింది. బాదం, ఓట్స్ ‘పాలు’ పెద్దలు ఇష్టపడి తాగితే తాగనివ్వండి, బాదంవాటిలో మాంసకృత్తులు నామమాత్రం. వాటిని పసిబిడ్డకు పట్టడం పాలగుండ రోజులకు తిరిగి వెళ్లడమే. వీటన్నిటికంటే నాకు ఆశ కలిగించేది 2017లో నిలోఫర్ ఆసుపత్రిలో మొదలైన ధాత్రి తల్లిపాల నిధి. నెలలు నిండని బిడ్డకు మరో తల్లి పాలను పరీక్షించి, వేడిచేసి శుద్ధి చేసి అందిస్తారు. అలాంటిది ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి.

దూడకూ ఆ పాటి ఏర్పాటు అసాధ్యం కాదు. ఎక్కువ పాలిచ్చే గేదె ఈనినప్పుడు మిగిలిన జున్నుపాలను గడ్డకట్టించి నిల్వచేస్తే, తల్లి చచ్చిన లేగకు గోరువెచ్చగా కరిగించి పట్టవచ్చు. ఆగిరిపల్లికి గన్నవరం పశువైద్య కళాశాల పెద్ద దూరం కాదు. కొన్ని పాల కేంద్రాల్లో శీతల యంత్రం ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఒక చిన్న ఫ్రీజరు, గేదె ఈనిన గంట రాసుకునే ఒక పుస్తకం కావాలి, అంతే.