కొండమీది చెట్టు, క్రింది రాయి

కొండ ఎక్కుచున్న కొలది చెట్లు మారుట కట్టెలు కొట్టుకొనువానికి కూడ తెలిసిన సంగతియే. దానిని శాస్త్రీయముగా చిత్రించి చూపినవాడు జర్మను యాత్రికుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్టు. 1802 లో ఆయన దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతము నెక్కినాడు. శిఖరము అందలేదు గాని, ఏ ఎత్తున ఏ మొక్క ఉన్నదో 1807 లో ఒక పెద్ద పటముమీద చూపినాడు. అయితే ఒకే ఎత్తున, ప్రక్కప్రక్కనే ఉన్న రెండు వాలులమీద రెండు వేరు అడవులేల ఉండును? ఎత్తు ఒక్కటే దీనికి జవాబు చెప్పదు.

తరువాత అమెరికాలో ఒక పెద్ద వాదము పుట్టినది. అడవి ఒక ప్రాణివంటిదనీ, అందలి జాతులు దాని అవయవములవంటివనీ 1916 లో ఫ్రెడరిక్ క్లెమెంట్సు వ్రాసినాడు. హెన్రీ గ్లీసన్ దీనిని ఒప్పుకొనలేదు. ప్రతి జాతి తనకు సరిపడిన తావున తాను పెరుగుననీ, కొన్ని కలిసి కనిపించుట రైలుపెట్టెలో ప్రయాణికులు కలిసినట్లేననీ ఆయన 1926 నాటి వ్యాసము సారాంశము. రైలు పోలిక మాత్రము నాది. గ్లీసన్ మాట చాలకాలము ఎవరికిని పట్టలేదు. ఆయన మాటయే నిజమైనచో అడవుల పటములలో మనము గీయు సరిహద్దులు చాలవరకు మన సౌకర్యము కొరకే అగును.

1947 లో రాబర్ట్ విట్టేకర్ అను 26 ఏండ్ల విద్యార్థి గ్రేట్ స్మోకీ పర్వతములకు పోయినాడు. ఎత్తును కొలువవచ్చును, మరి తేమనో? ఆయన స్థలమునే కొలబద్దగా తీసికొన్నాడు. ఒక చివర నీడపట్టున ఉన్న లోయ, మరొక చివర ఎండ బాగుగా తగులు నైరృతి వాలు. ఈ వరుసలో చెట్లను లెక్కించి గీయగా, ప్రతి జాతి మెల్లగా లేచి మెల్లగా దిగు ఒక వంపుగా తేలినది. క్లెమెంట్సు చెప్పినట్లైతే కొన్ని వంపులు ఒక్కచోట లేచి ఒక్కచోటనే దిగవలెను. అట్లు జరుగలేదు. లోయలో హెమ్లాక్, ఎండ వాలున పైన్, నడుమ ఓక్ జాతులు, దేని శిఖరము దానిదే. 1956 లో ప్రకటించిన ఆ వంపులను ఆయన కంటితో చూచి నునుపు చేసినాడని కొందరు ఆక్షేపించినారు. అది న్యాయమైన ఆక్షేపణయే. అయినను ముఖ్య ఫలితము నిలిచినది.

ఇక నేల సంగతి. ఆరెగాన్, కాలిఫోర్నియాల సరిహద్దున సిస్కియూ పర్వతములున్నవి. అచ్చట డయొరైట్, గాబ్రో, సర్పెంటీన్ అను మూడు రాళ్ళు దగ్గరదగ్గరగా, ఇంచుమించు ఒకే వాతావరణములో ఉన్నవి. ప్రయోగశాలలో మనము ఒక్కదానిని మార్చి తక్కినవానిని మార్చకుండ ఉంచుదుము. ఇక్కడ ఆ పని కొండయే చేసిపెట్టినది. డయొరైట్ నేలమీద ఎత్తైన డగ్లస్ ఫర్, దాని క్రింద టాన్ ఓక్, మద్రోన్ చెట్లతో అడవి దట్టముగా ఉండును. సర్పెంటీన్ మీద జెఫ్రీ పైన్ వంటివి దూరదూరముగా నిలిచి, నడుమ పొదలు, గడ్డి కనిపించును. డయొరైట్ మీద చెట్టైన టాన్ ఓక్ ఇక్కడ పొదయే. గాబ్రో ఈ రెంటికిని మధ్యస్థము. సర్పెంటీన్ పాము చర్మమువలె పచ్చగా మెరయు రాయి. దాని మట్టిలో మెగ్నీషియము మితిమీరి, కాల్షియము కొరవడి ఉండును. నికెల్, క్రోమియము కూడ చేరును. వాన సమానముగా పడినను వేరునకు కావలసిన ఆహారము సమానముగా దొరకదు. ఇంతమాత్రమున అది పనికిరాని నేల యనుకొనరాదు. ఆ రాతిమీద తప్ప మరెక్కడను పెరుగని చిన్న మొక్కలు అచ్చట ఎన్నో ఉన్నవి.

1960 లో ఈ పర్వతములను గూర్చి వ్రాయుచు విట్టేకర్ వైవిధ్యమును మూడుగా విడదీసినాడు. ఒక తావులోని జాతుల సంపద ఆల్ఫా. తావు మారిన కొలది జాతులు మారుట బీటా. ప్రాంతమంతటి సంపద గామా. రెండు తావులలో పదేసి జాతులున్నవనుకొందము. రెండింటను అవే పది అయినచో మొత్తము పదియే. ఒక్కటియు కలియనిచో ఇరువది. ఎత్తు, తేమ, రాయి అడుగడుగున మారు కొండకు ఈ బీటాయే పెద్ద ఆస్తి.

గ్లీసన్ మాటకు మరియొక సాక్ష్యము తరువాత సరస్సుల అడుగు బురదలో దొరికినది. మంచుయుగము ముగిసిన పిమ్మట చెట్లు ఉత్తరమునకు సాగిన తీరు ఆ బురదలోని పుప్పొడి వలన తెలిసినది. అవి గుంపుగా సాగలేదు. ఒకప్పుడు ఒకే అడవిలో కనిపించిన హెమ్లాక్, చెస్ట్‌నట్‌లలో హెమ్లాక్ న్యూ ఇంగ్లండునకు ముందు చేరినది. చెస్ట్‌నట్ కొన్ని వేల ఏండ్లు ఆలస్యముగా వచ్చినది.