స్టేడియాలకు ప్రజాధనం (అమెరికా)

ప్రైవేటు యజమానుల చేతిలో ఉన్న వృత్తి క్రీడా జట్ల కోసం నగరాలు, కౌంటీలు, రాష్ట్రాలు పన్నుల సొమ్ముతో స్టేడియాలు కట్టించడం, లేదా నిర్మాణ ఖర్చులో వాటా భరించడం. ప్రజాధనంతో మిల్వాకీ కట్టిన స్టేడియంలోకి 1953లో బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టు తరలివచ్చింది. ఆ తర్వాత ఈ పద్ధతి ఊపందుకుంది.

నిధులు: స్థానిక ప్రభుత్వాలు బాండ్లు అమ్మి, ఆ అప్పును అమ్మకం పన్ను, హోటల్ గదుల పన్ను వంటి ఆదాయంతో ఏళ్ల తరబడి తీరుస్తాయి. లాస్ వేగాస్‌లో 2020లో తెరిచిన అలీజియంట్ స్టేడియానికి హోటల్ గదుల పన్ను ఆధారంగా 75 కోట్ల డాలర్లు సమకూర్చారు.

వాదోపవాదాలు: ఉద్యోగాలు, వ్యాపారం, ఊరికి పేరు వస్తాయని సమర్థకులు అంటారు. జట్టు వేరే ఊరికి వెళ్లిపోతుందన్న భయమూ పాలకులపై పనిచేస్తుంది. ఆర్థికవేత్తల్లో అత్యధికులు సమర్థకుల లెక్కను ఒప్పుకోరు. స్థానికులు ఆటకు పెట్టే ఖర్చులో చాలా భాగం స్టేడియం లేకున్నా సినిమాలకో, హోటళ్లకో పోయేదేనని, కొత్తగా పుట్టే ఆదాయం తక్కువని వారి పరిశోధనలు చెబుతున్నాయి.

కింగ్‌డోమ్: సియాటిల్‌లో 1976లో తెరిచిన ఈ కాంక్రీటు గుమ్మటపు స్టేడియాన్ని 2000 మార్చి 26న పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. దాని అప్పు మాత్రం 2015లో గానీ తీరలేదు. లేని కట్టడానికి జనం పదిహేనేళ్లు బాకీ కట్టారు.

ప్రజాతీర్పు: కాన్సాస్ సిటీ ఉన్న జాక్సన్ కౌంటీలో 2024 ఏప్రిల్‌లో స్టేడియాల కోసం ప్రతిపాదించిన అమ్మకం పన్నును ఓటర్లు తిరస్కరించారు. లాభం యజమానికి, అప్పు పౌరులకు మిగిలే ఇలాంటి ఒప్పందాలపై తుది మాట పౌరులదే కావడం న్యాయం.