ఎదురిస్తామన్న ముప్ఫై వేల కోట్లు

హైదరాబాద్ మెట్రో మొదటి టెండరు కథ మళ్లీ చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ లెక్క ఇంకా తేలలేదు.

టిక్కెట్ల డబ్బుతో మెట్రో రైలు గిట్టుబాటు కావడం కష్టం. అందుకే ప్రైవేటు సంస్థ కట్టేటప్పుడు, ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం, రాష్ట్రం కలిసి భరించేలా ‘వయబిలిటీ గ్యాప్ ఫండింగ్’ అనే ఏర్పాటు ఉంది. ఎవరు తక్కువ సాయం అడిగితే వాళ్లకే పని. చూడ్డానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది.

2008లో టెండర్లు తెరిస్తే మేటాస్ అనే నిర్మాణ సంస్థ నేతృత్వంలోని కూటమి తనకు పైసా సాయం వద్దంది. పైగా ఒప్పందకాలంలో తానే సర్కారుకు 30,311 కోట్లు చెల్లిస్తానంది. అడక్కుండానే ఎదురు కట్నం ఇస్తామంటూ వచ్చిన సంబంధం గురించి ఏ తల్లిదండ్రులైనా నాలుగిళ్లలో ఆరా తీస్తారు. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంబరపడి సెప్టెంబరులో సంతకం పెట్టేసింది.

ఆరా తీసింది ఒక ఇంజనీరు. ఢిల్లీ మెట్రోను కట్టి చూపించిన ఇ. శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాశారు. హైదరాబాద్ మెట్రో నివేదిక తయారుచేసింది ఆయన సంస్థే కాబట్టి, ఎంత ఖర్చవుతుందో, ఎంత రాబడి వస్తుందో ఆయనకు తెలుసు. రైలు నడిపి అంత డబ్బు తేవడం సాధ్యం కాదు, మరి ఎక్కడి నుంచి తెస్తారు? భూముల నుంచి. వాణిజ్య అవసరాలకు 296 ఎకరాల విలువైన ప్రజల భూమి అప్పగించడాన్ని ఆయన తప్పుపట్టారు. సంస్థకు సొంత భూములున్న వైపు మెట్రోను సాగదీసి, వాటి ధర పెంచుకునే ఉద్దేశం ఉండవచ్చని అనుమానించారు. ఇది రేపు రాజకీయ కుంభకోణం కావచ్చనీ హెచ్చరించారు.

దానికి బదులుగా ప్రభుత్వం లెక్కలు బయటపెట్టి ఉంటే సరిపోయేది. కానీ శ్రీధరన్‌ను క్షమాపణ చెప్పమంది, లేదంటే పరువునష్టం దావా వేస్తామంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ప్రజల సొమ్ము గురించి అడిగిన ప్రశ్నను ప్రభుత్వం తన పరువు మీద దాడిగా తీసుకుంది.

నిజం బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ తన డబ్బుతో రెండు మేటాస్ సంస్థల్ని కొనబోయి, వాటాదారులు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు తమ సంస్థ ఖాతాల్లో వేల కోట్లు లేనివి ఉన్నట్టు చూపామని ఒప్పుకున్నారు. మేటాస్ ఆయన కుటుంబానిదే. దాంతో అది మెట్రోకు పెట్టుబడి సమకూర్చుకోలేకపోయింది. జులైలో ఒప్పందం రద్దయింది.

మెట్రో టెండరులో లంచం రుజువు కాలేదు, కాబట్టి ఆ మాట నేను అనను. కానీ ఆ ముప్ఫై వేల కోట్ల అంకె ఎలా వచ్చిందో పరీక్షించాల్సినవాళ్లు పరీక్షించలేదన్నది కళ్లముందున్న వాస్తవం. నగరం రెండేళ్లు పోగొట్టుకుంది.

2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి పని దక్కించుకుంది. అదే నగరం, అవే మూడు మార్గాలు. సర్కారుకు ముప్ఫై వేల కోట్లు రావలసిన చోట, సర్కారే పధ్నాలుగు వందల కోట్ల పైచిలుకు ఇవ్వాల్సి వచ్చింది. రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే మొదటిది ఎంత నమ్మదగ్గదో తెలుస్తుంది.

అయినా భూమి మీద ఆశ పోలేదు. కొత్త లెక్కలోనూ రాబడిలో దాదాపు సగం స్థిరాస్తుల నుంచే రావాలి. పని ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది. 2017 నవంబరులో మియాపూర్–నాగోలు మధ్య రైలు కదిలింది. పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ముక్క మాత్రం మిగిలిపోయింది. తర్వాత కరోనా వచ్చి ప్రయాణికుల్నీ తగ్గించింది. నష్టాలు మోయలేనన్న సంస్థ తప్పుకోవడానికి, సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తెలంగాణ ప్రభుత్వం తీసుకోవడానికి 2025లో అవగాహన కుదిరింది. ఆ అప్పుతోపాటు స్టేషన్ల పక్కన ఇచ్చిన ప్రతి ఎకరా ఎవరి చేతిలో ఉందో, దాని మీద ఎంత ఆదాయం వచ్చిందో ప్రభుత్వం జనం ముందు పెట్టాలి.