బీబీ, నాంచారి, అమ్మ

మొన్న ఆదివారం కందిపప్పులో రాళ్లు ఏరుకుంటూంటే మా అమ్మాయి పరీక్ష పుస్తకం పట్టుకొచ్చింది. “అమ్మా, సింక్రెటిజం అంటే ఏమిటి?” అంది. “సమ్మేళనం” అనేసి ఊరుకోబోయాను. అది ఊరుకుంటేగా! “ఎవరు ఎవరిలో కలిస్తే?” అంటూ చతికిలబడింది.

ఈ మాట పుట్టిల్లు గ్రీసు. క్రీటు ద్వీపం వాళ్లు తమలో తాము నిత్యం కీచులాడుకునేవారట. బయటి శత్రువు వచ్చాడంటే మాత్రం అంతా ఒక్కటయ్యేవారట. దానికే వాళ్లు ఈ పేరు పెట్టుకున్నారని ప్లూటార్క్ అన్నదమ్ముల అనుబంధం మీద రాసిన వ్యాసంలో చెప్పాడు. మన ఉమ్మడి కుటుంబాల్లో తోడికోడళ్ల సంగతి అన్నమాట! 17వ శతాబ్దంలో జర్మనీలో కాలిక్స్టస్ అనే పండితుడు క్రైస్తవ శాఖలన్నీ సఖ్యంగా ఉండాలన్నందుకు, గిట్టనివాళ్లు ఇదే మాటని తిట్టుగా విసిరారు.

భాషాశాస్త్రంలో దీనికి మరో అర్థం ఉంది. వేరువేరుగా ఉండవలసిన వ్యాకరణ రూపాలు ఒకే రూపంలో కలిసిపోవడం. ఉదాహరణకి దూరం పోనక్కర్లేదు. “అమ్మాయి వచ్చింది”, “ఆవు వచ్చింది”. ఆడది ఒక్కతే ఉంటే మన తెలుగు దాన్ని గొడ్డూగోదాతో కట్టేస్తుంది. అదే నలుగురం కలిసి వెళితే మగవాళ్లతో సమానంగా “వచ్చారు” అంటుంది. వ్యాకరణానికి కూడా మనం గుంపుగా ఉంటేనే భయం కాబోలు! మా అమ్మాయి నవ్వలేదు. “అంటే కలవడమంటే ఎవరో ఒకరు తమ రూపు పోగొట్టుకోవడమేనా?” అంది.

నాకు చప్పున జవాబు తోచలేదు. అప్పుడు గుర్తొచ్చింది దేవుని కడప. అక్కడి వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లిములు వస్తారు. కొబ్బరికాయ కొట్టి మొక్కుకుంటారు. ఎందుకంటే స్వామివారి దేవేరి బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడపడుచు! అల్లుడింటికి పండగపూట రావడానికి ఎవరి అనుమతి కావాలి?

ఆ పేరొకసారి విడదీసి చూడండి. బీబీ ఉర్దూ. నాంచారి తమిళ నాచ్చియార్. అమ్మ మన తెలుగు. మూడు భాషలూ ఒక్క పేరులో సర్దుకున్నాయి గానీ ఏదీ మరోదాన్ని మింగలేదు.

1311లో మాలిక్ కాఫర్ సేనలు తమిళదేశం మీద పడ్డాయన్నది చరిత్ర. ఢిల్లీకి తరలిపోయిన స్వామి విగ్రహాన్ని సుల్తాను కూతురు ప్రేమించిందనీ, విగ్రహం తిరిగొచ్చేస్తే తనూ వెనకే దక్షిణాదికి వచ్చేసిందనీ చెప్పేది కథ. దానికి రుజువులు అడక్కండి. కానీ గుళ్లల్లో నాకు నచ్చింది దోచుకున్న సంగతిని మరిచిపోకపోవడం, దోచుకున్నవాళ్ల పిల్లని ఇంటికోడల్ని చేసుకోవడం.

“ఆ పిల్ల మతం ఏమైంది మరి?” అంది మా అమ్మాయి, పప్పు చేట తన వైపు లాక్కుంటూ.

శ్రీరంగంలో ఆవిడకి విగ్రహం లేదని చెప్పాను. విగ్రహారాధన ఆవిడ పుట్టింటి ఆచారం కాదు కనక గోడమీద బొమ్మ గీసి పెట్టుకున్నారు. నైవేద్యం కూడా ఆవిడ పుట్టింటి అలవాటే. గోధుమరొట్టె, వెన్న.